సంగిడి రాయి, సిడ్నీ పతకం, నా ఎక్సెల్ షీటూ

మాది రాజాం. బలం సంగతి వస్తే మావైపు వాళ్లకి గర్వం కాస్త ఎక్కువే. ఉండదూ మరి? పాలకొండ మీదుగా వెళ్తే వీరఘట్టం, 1882లో కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ఊరు. అటు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట, కరణం మల్లీశ్వరిది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది. ఇవన్నీ వింటూ పెరిగానేమో, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి జిమ్ముకెళ్లడం మొదలెట్టాక బలం మా నీళ్లలోనే ఉందనుకున్నాను.

మొదటి ఆర్నెల్లూ బాగానే గడిచింది. ఎత్తిన ప్రతి బరువూ ఎక్సెల్ షీటులో రాసుకునేవాణ్ణి. స్క్వాట్ వంద కిలోలు దాటింది. తర్వాత ఆగిపోయింది. మనం ఇంజనీర్లం కదా, అవుట్‌పుట్ తగ్గితే ఏం చేస్తాం? ఇంకో రెండు గంటలు కూర్చుంటాం. వారానికి నాలుగు రోజులు కాస్తా ఆరయ్యాయి. వంద ఎత్తినవాడికి తొంభై బరువనిపించసాగింది. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్న లేవబుద్ధి కాదు. లేవగానే చూసుకుంటే నాడి మామూలు కన్నా పది ఎక్కువ. నెలలో రెండుసార్లు జలుబు. కోడ్ రివ్యూలో చిన్నమాటకి కూడా చిరాకు. దేనికదే విడిగా చూశాను. వాతావరణం అన్నాను, రిలీజ్ టెన్షన్ అన్నాను. కలిపి మాత్రం చూడలేదు.

అసలు ఈ సంగతి మనిషికి ఎప్పుడు తెలిసిందా అని తర్వాత వెతికాను. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త, ఎలకల మీద చేసిన ప్రయోగాల గురించి 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ రాశాడు. ఒంటి మీద ఏ ఒత్తిడి పడినా మూడు దశలుంటాయన్నాడు: ముందు ఉలిక్కిపడటం, తర్వాత తట్టుకోవడం, ఒత్తిడి ఆగకపోతే చివరికి అలిసి కూలబడటం. బరువులు ఎత్తించే శిక్షకులు ఇది బాగా పట్టుకున్నారు. 1960లలో సోవియట్ యూనియన్‌లో మత్వేయెవ్ లాంటివాళ్లు, బరువు పెంచే వారాలూ తగ్గించే వారాలూ ముందే లెక్కేసి ఏడాది శిక్షణని రాసిపెట్టారు. విశ్రాంతి కూడా ప్రణాళికలో భాగమైపోయిందన్నమాట.

మల్లీశ్వరి కథకీ దీంతో చిన్న లంకె ఉంది. ఆవిడకి మొదట నేర్పింది మనూళ్ల నీలంశెట్టి అప్పన్న గారు. సిడ్నీకి ముందు శిక్షణ ఇచ్చింది మాత్రం ఆ సోవియట్ పద్ధతిలో ఎదిగిన లియొనిద్ తరనెంకో, 1988లో 266 కిలోలు తలపైకెత్తినవాడు. 2000 సెప్టెంబరు 19న ఆవిడ 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు మాత్రం ఎత్తలేకపోయారు. ఒక్కరోజు ఒక బరువు తప్పడం అతిశిక్షణ కాదు, అది ఆటలో భాగం. వారాల తరబడి, నిన్న ఎత్తినది కూడా ఇవాళ ఎత్తలేకపోవడం వేరు.

1994లో ఆండ్రూ ఫ్రై బృందం కొందరి చేత రెండు వారాలపాటు రోజూ గరిష్ఠ బరువు ఎత్తించి చూసింది. చాలామందికి బలం తగ్గింది. రక్తంలో హార్మోన్లు మాత్రం పరుగు పందేల వాళ్లలోలా స్పష్టంగా చెప్పలేదు. 2013లో యూరప్, అమెరికా క్రీడావైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన సారాంశం కూడా అదే: దీన్ని తేల్చే ఒక్క పరీక్షంటూ లేదు. కొద్ది రోజుల విశ్రాంతితో తీరితే అది మామూలు అలసట. వారాలు పడితే హెచ్చరిక. నెలలు పట్టి, మనసు కూడా కుంగితే అసలు జబ్బు. అప్పుడు రక్తహీనత, థైరాయిడ్ లాంటివి లేవని డాక్టరు దగ్గర తేల్చుకోవాలి.

నాకీ పాఠం చెప్పింది మాత్రం సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కలిసిన ఒక పెద్దాయన. కుర్రతనంలో సంగిడి రాళ్లు ఎత్తినవాడు. నా గోడు విని నవ్వాడు. "రోజూ ఎత్తితే రాయికేటవుతాది బాబూ, అరిగేది నువ్వే కదా. పండక్కి వారం ముందు మేం రాయి ముట్టుకునేవాళ్లం కాదు" అన్నాడు.

పది రోజులు బరువు ముట్టుకోలేదు. నాలుగు రోజుల పండగా తిని పడుకున్నాను. తిరిగొచ్చాక వంద వెంటనే లేవలేదు, మూడు వారాలు పట్టింది. కానీ నిద్ర ముందే తిరిగొచ్చింది.

కోడి రామ్మూర్తి గారంటే మనకి గుర్తొచ్చేది గుండెల మీద ఏనుగూ, తెగిన గొలుసులూ, ఆగిన కార్లూ. ఆయన విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పిల్లలకి నేర్పిన సంగతి, ప్రాణాయామం సాధన చేసిన సంగతి ఎవరూ చెప్పరు. మన బలం చరిత్రంతా ఎంత ఎత్తారన్నదే. ఎప్పుడు దించారో రాసుకోలేదు.

నా ఎక్సెల్ షీటులో ఇప్పుడు మూడు కొత్త వరసలున్నాయి: నిద్ర, పొద్దుటి నాడి, మూడ్. మూడూ కలిసి చెడితే ఆ వారం బరువు సగం. మీ షీటులో ఏముందో ఓసారి చూసుకోండి.