మందు మాన్పించే మందుల కథ

తాగేదాన్ని మందు అంటాం. జబ్బు తగ్గించేదాన్నీ మందే అంటాం. నొప్పికని మొదలుపెట్టి వదల్లేకపోయేది నల్లమందు. మూడింటికీ ఒకే పేరు పెట్టుకున్న మనలో చాలామందికి, మొదటిదాన్నీ చివరిదాన్నీ మాన్పించడానికి డాక్టరు మందులున్నాయని తెలియదు. ఉమ్ ఘువైలినాలో మా గుమస్తాల గదుల్లోనైనా, కార్మిక సోదరుల క్యాంపుల్లోనైనా వినపడే మాట ఒకటే: "మనసు గట్టిగా ఉంటే చాలు, మానేయొచ్చు." చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజం.

ఈ మందుల కథ కార్మికుల దగ్గరే మొదలైంది. 1937లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ డాక్టరు, విలియమ్స్, ఒక సంగతి గమనించాడు. రబ్బరు తయారీకి వాడే ఒక రసాయనంతో పనిచేసేవాళ్లు మద్యం ముట్టుకుంటే చాలు, మొహం ఎర్రబడి గుండె దడ పుట్టేది. 1948లో డెన్మార్క్‌కు చెందిన హాల్డ్, యాకబ్సన్ అదే జాతి రసాయనమైన డైసల్ఫిరామ్‌ను లోకానికి చెప్పారు. కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని బిళ్లలు తామే మింగి చూశారు, తర్వాత మద్యం తాగేసరికి ఒళ్లు ఎదురుతిరిగింది. 1951లో అమెరికా అనుమతించింది. మన ఊళ్లలో కొందరు ఇల్లాళ్లు ఇలాంటి మందును భర్తకు తెలియకుండా కూరలో కలుపుతుంటారు. అది ప్రాణాంతకం. తెలియక మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు.

తర్వాత వచ్చినవి భయపెట్టే మందులు కావు, తాగాలన్న యావను తగ్గించేవి. 1989లో ఫ్రాన్స్‌లో అకాంప్రోసేట్ వచ్చింది. నల్లమందు జాతి అలవాటుకు 1984లో అనుమతి పొందిన నాల్‌ట్రెక్సోన్‌ను 1994లో తాగుడుకూ అనుమతించారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

నల్లమందు జాతికి వేరే దారి దొరికింది. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో డోల్, నైస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు హెరాయిన్ అలవాటున్నవాళ్లకు రోజూ కొలత ప్రకారం మెథడోన్ ఇచ్చారు. వణుకూ వెతుకులాటా తగ్గి వాళ్లలో చాలామంది మళ్లీ పనిలోకి వెళ్లగలిగారు. నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ తర్వాత వచ్చింది. ఈ రెండూ 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకెక్కాయి. "ఒకటి మాన్పించి ఇంకోటి అంటగట్టడమే కదా" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. షుగరున్నవాడు రోజూ బిళ్ల వేసుకుంటే మాత్రం ఆ మాట ఎవరూ అనరు.

ఇక మన గడ్డ సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. దుకాణం మూయించే సత్తా జనానికుందని ఆ తల్లులు చూపించారు. దుకాణం మూసిన రాత్రి అలవాటుపడ్డ ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం తెలంగాణ కల్లు చూపించింది.

చాలాచోట్ల ఆ కల్లులో తాటిచెట్టు రసంకన్నా క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం ఎక్కువ. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీని అణచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకూ, ఎర్రగడ్డకూ జనం బారులు తీరారు. చేతులు వణకడం, ఫిట్స్, తమలో తాము మాట్లాడుకోవడం. కొందరు చనిపోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ మూతపడితే ఎర్రగడ్డలో మళ్లీ అదే దృశ్యం. చిత్రమేమిటంటే, డాక్టర్లు ఆ వణుకు ఆపడానికి ఇచ్చేదీ డైజోఫాం జాతి మందే. కల్లులో అది విషం. ఆస్పత్రిలో కొలిచి, రోజురోజుకీ తగ్గిస్తూ, బీ-1 విటమిన్‌తో ఇస్తే ప్రాణం నిలుస్తుంది.

నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్ విమానం ఎక్కే తమ్ముడికి ఇది పాత కథ కాదు. నిన్నటిదాకా రోజూ కల్లు తాగి, ఇక్కడ దిగగానే ఒక్కసారిగా ఆపేస్తాడు. మద్యం ఆపితే కొన్ని గంటలకే వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, మూడో రోజుకు మతిభ్రమ రావచ్చు. కల్తీ కల్లు మందులైతే ఇంకొన్ని రోజులు ఆలస్యంగానూ రావచ్చు. గదిలోవాళ్లు గాలి సోకిందనో, పని తప్పించుకునే నాటకమనో అనుకుంటారు. అది జబ్బు. వణుకు మొదలుకాగానే హెల్త్ సెంటరుకు తీసుకెళ్లండి, ఫిట్స్ వస్తే 999కి ఫోన్ చేయండి. ఇంటికి పంపేస్తారేమోనని దాచిపెట్టి మనిషిని పోగొట్టుకోవద్దు. ఎన్నాళ్లు, ఎంత తాగాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంకొక మాట. నడుంనొప్పికి వాడే ట్రమడాల్ కూడా నల్లమందు జాతిదే. ట్రమడాల్ గానీ, అల్ప్రాజోలం గానీ పెట్టెలో పడేసుకుని దోహా విమానాశ్రయంలో దిగితే కేసవుతుంది. స్నేహితుడిచ్చిన పొట్లమైనా సరే, విప్పి చూడకుండా తేవద్దు. మాన్పించే మందులూ అంతే. డాక్టరు చీటీతో, డాక్టరు చెప్పిన కొలతలోనే వాడాలి. నాల్‌ట్రెక్సోన్ బిళ్లను నల్లమందు జాతి ఇంకా ఒంట్లో ఉండగా వేసుకుంటే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

మనసు గట్టిగా ఉండాలన్న మాట నిజమే. ఆ మనసు నిలదొక్కుకునేదాకా ఒంటికి ఊతకర్ర కావాలి. కాలు విరిగినవాడికి కర్ర ఇచ్చి నవ్వం కదా, తాగుడు మానే తోటివాడికీ అంతే మర్యాద ఇద్దాం.