అడవిలో పరిశోధన.. పొద మాటున ఎలుగు

క్షేత్ర పర్యటనలకు వెళ్లే డెల్టా విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఉయ్యూరు: చెరకు తోటలు, వరిచేలు, పుల్లేరు కాల్వ.. ఉయ్యూరు పరిసరాల్లో పుట్టి పెరిగిన విద్యార్థికి తెలిసిన ప్రకృతి ఇదే. పొలం గట్టుపై త్రాచుపాము కనిపిస్తే ఎలా తప్పుకోవాలో ఇక్కడ చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఎలుగుబంటి ఎదురుపడితే ఏం చేయాలన్నది మాత్రం డెల్టావాసులకు అనుభవంలో లేని సంగతి. ఈ పల్లపు నేలల్లో ఎలుగులు లేవు. అయితే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భూగర్భశాస్త్రం అభ్యసించేవారు ఎప్పుడో ఒకప్పుడు నల్లమల, లంకమల, శేషాచలం, పాపికొండల బాట పట్టక తప్పదు. మొక్కల నమూనాల సేకరణ, పక్షుల గణన, రాళ్ల పరిశీలన పేరిట వారు అడుగుపెట్టే ఆ అడవులన్నీ ఎలుగుల ఆవాసాలే. పుస్తక పరిజ్ఞానం ఎంత ఉన్నా ఆ జంతువు స్వభావం తెలియకపోతే ప్రాణాపాయం పొంచి ఉన్నట్టే.

ఏమిటీ జంతువు?

తెలుగునాట అడవుల్లో ఉన్నది ఒకే జాతి ఎలుగు. సంస్కృతంలో భల్లూకం, తెలంగాణ పల్లెల్లో గుడ్డెలుగు. భారత్‌తో పాటు నేపాల్, శ్రీలంకల్లో ఈ జాతి మనుగడ సాగిస్తోంది. బంగ్లాదేశ్‌లో అంతరించిపోయింది. నల్లటి పొడవైన జూలు, ఛాతీపై తెల్లటి అర్ధచంద్రాకార మచ్చ, నాలుగు అంగుళాల వరకు పెరిగే గోళ్లు దీని గుర్తులు.

1791లో ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ షా దీనికి తొలిసారి శాస్త్రీయ నామం పెట్టారు. పొడవాటి గోళ్లను, ముందు పళ్లు లేని దవడను చూసి దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ అనే జంతువుకు బంధువుగా పొరబడ్డారు. పొరపాటును తరువాత సరిదిద్దినా ఆంగ్లంలో 'స్లాత్ బేర్' అన్న పేరు మాత్రం స్థిరపడిపోయింది.

చెదపురుగులు, చీమలు దీని ప్రధాన ఆహారం. పుట్టను గోళ్లతో చీల్చి, మట్టిని ఊది, పురుగులను గాలితో సహా లోపలికి పీల్చుకుంటుంది. పై దవడలో మధ్యనుండే రెండు ముందు పళ్లు లేకపోవడం, ముక్కు రంధ్రాలను మూసుకోగలగడం అందుకోసమే. ఇప్పపూలు, తునికి, రేగు, నేరేడు పండ్లు, తేనె అంటే దీనికి మహా ఇష్టం. శీతల దేశాల ఎలుగుల మాదిరి ఇది శీతకాల నిద్రకు పోదు. ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది.

పారిపోదు.. ఎదురు తిరుగుతుంది

ఎలుగు మనిషిని తినడానికి దాడి చేయదు. బెదిరి దాడి చేస్తుంది. పుట్టను తవ్వి పురుగులను పీల్చే సమయంలో అది చేసే చప్పుడు వంద మీటర్లకు మించిన దూరానికి వినిపిస్తుంది. ఆ చప్పుడులో మనిషి అడుగుల సవ్వడి దానికి వినబడదు. చూపు మందం. వాసన పసిగట్టే శక్తి అమోఘమే అయినా, గాలి ఎదురుగా వీస్తుంటే ప్రయోజనం ఉండదు. ఫలితంగా మనిషి పది పదిహేను అడుగుల దూరంలోకి వచ్చేవరకు దానికి తెలియదు, దాని ఉనికి మనిషికీ తెలియదు.

అంత దగ్గరగా అలికిడి అయినప్పుడు జింక పారిపోతుంది. ఎలుగు పారిపోదు. ఈ జాతి పులులున్న అడవుల్లో పరిణామం చెందింది. పులికి వెన్ను చూపితే ప్రాణం దక్కదు. నిలబడి తిరగబడటమే దానికి అబ్బిన రక్షణ అని శాస్త్రజ్ఞులు విశ్లేషిస్తున్నారు. తల్లి ఎలుగు పిల్లలను వీపుపై మోసుకుని తిరుగుతుంది. ఎలుగు జాతులన్నింటిలో ఈ అలవాటు ప్రధానంగా దీనికే ఉంది. సాధారణంగా శీతాకాలంలో పుట్టే పిల్లలు ఏడాదిన్నరకు పైగా తల్లి వెంటే ఉంటాయి. అటువంటి తల్లికి ఎదురుపడటం అన్నింటికంటే ప్రమాదకరం.

మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు ఎలుగుల దాడులకు గురైనవారు 735 మంది అని రాజ్‌పురోహిత్, క్రౌస్‌మన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కతేల్చారు. వారిలో 48 మంది మరణించారు. బతికి బయటపడినవారిలో అనేకులకు ముఖంపై, తలపై తీవ్ర గాయాలవుతుంటాయి. ఎలుగు దాడి అంటే ఒక్కోసారి చూపు, ముఖరూపం జీవితాంతం కోల్పోవడమే.

పరిశోధకుడి బాట, ఎలుగు బాట ఒక్కటే

శాస్త్రీయ పరిశీలనకు అనువైన వేళలు తెల్లవారుజాము, సాయంసంధ్య, రాత్రి. ఎలుగు మేతకు తిరిగే వేళలూ అవే. కడప జిల్లా లంకమల అడవులు ఇందుకు చక్కని ఉదాహరణ. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాన్ 19వ శతాబ్ది మధ్యలో లోకానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తరువాత కనుమరుగైంది. అంతరించిందనే అంతా భావించారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో గాలించగా, 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లి వద్ద అది తిరిగి వెలుగుచూసింది. కలివికోడి రాత్రి సంచరించే పక్షి. అందువల్ల దాని అన్వేషణ ముళ్లపొదల నడుమ చీకటిలో సాగాల్సిందే. తరువాతి పరిశోధకులు బాటపై మట్టిని చదును చేసి ఉదయాన్నే అడుగుజాడలు చూడటం, స్వయంచాలిత కెమెరాలు అమర్చడం, కూతను రికార్డు చేసి వినిపించడం వంటి పద్ధతులను అనుసరించారు. ఎలుగు సైతం సంచరించే ఆ పొదల్లో మనిషి రాత్రంతా తిరగవలసిన అవసరాన్ని ఈ పద్ధతులు కొంతమేర తగ్గించాయి.

పులుల లెక్కింపు మరో ఉదాహరణ. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశవ్యాప్తంగా జరుగుతున్న ఈ గణనలో అటవీ సిబ్బంది కాలినడకన బీట్ల వారీగా పాదముద్రలు, పెంటికలు, చెట్లపై గోటి గీతలు నమోదు చేస్తారు. 2022 గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని పులుల సంఖ్య 63. ఈ లెక్క వెనుక సిబ్బంది చెమటే కాక ప్రాణాపాయమూ ఉంది. 2021 నవంబరు 20న మహారాష్ట్రలోని తాడోబా అడవుల్లో ఇటువంటి సర్వేలో ఉన్న మహిళా ఫారెస్ట్ గార్డు ఆడపులి దాడిలో మరణించారు. దీంతో అక్కడ కాలినడక సర్వేను తాత్కాలికంగా నిలిపివేశారు. నల్లమలలో గస్తీకి, సర్వేలకు చెంచులే కళ్లూ చెవులూ. విరిగిన కొమ్మ, తాజాగా తవ్విన పుట్ట, మట్టిపై ముందుకు చొచ్చిన గోళ్ల ముద్ర చూసి ఎలుగు ఎప్పుడు వెళ్లిందో, ఎటు వెళ్లిందో వారు అంచనా వేస్తారు. వారు ఆగమన్నచోట ఆగడమే విద్యార్థులు నేర్చుకోవాల్సిన తొలి పాఠం.

భూగర్భశాస్త్ర విద్యార్థులకు గుహల బెడద అదనం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపిన నంద్యాల జిల్లా బిల్లసర్గం గుహలు నేటికీ పరిశోధకులను ఆకర్షిస్తున్నాయి. ఎండవేళ ఎలుగులు రాతి నెరియలు, గుహల్లో విశ్రమిస్తాయి. పిల్లలను ఈనేదీ అక్కడే. అందువల్ల ఏ కొండప్రాంతంలోనైనా తెలియని గుహలోకి నేరుగా చొరబడరాదు.

ఉద్దానం నేర్పిన పాఠం

ఎలుగుల సమస్య రాష్ట్రంలో తీవ్రంగా ఉన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు విస్తరించిన ఆ ప్రాంతంలో ఎలుగులు ఊళ్ల అంచుల్లోనే తిరుగుతాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో దంపతులు మృతి చెందగా, ఆగ్రహించిన గ్రామస్థులు దానిని కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఒక రైతును చంపి, పలువురిని గాయపరిచిన ఎలుగును అటవీ అధికారులు బంధించగా, అది కూడా మరణించింది. రెండు ఘటనల్లోనూ మనిషీ మిగల్లేదు, ఎలుగూ మిగల్లేదు. అడవికి వెళ్లే పరిశోధకుడి అజాగ్రత్త సైతం ఇదే పర్యవసానానికి దారితీయవచ్చు.

విదేశాల్లోనూ ఇదే తీరు

2010 జూన్‌లో అమెరికాలో యెల్లోస్టోన్ సమీపాన ఎర్విన్ ఎవర్ట్ అనే 70 ఏళ్ల వృక్షశాస్త్రజ్ఞుడిని గ్రిజ్లీ ఎలుగు చంపింది. పరిశోధకులు అదే రోజు పట్టుకుని, మత్తు ఇచ్చి, పరీక్షించి వదిలిన ఎలుగు అది. వారు వెళుతూ హెచ్చరిక బోర్డులను తొలగించారు. ఒక పరిశోధన బృందం వదిలిన ఎలుగుకు మరో శాస్త్రజ్ఞుడు బలి కావడం అక్కడ పెద్ద చర్చకు దారితీసింది. ఒకే అడవిలో పనిచేసే బృందాలు ఒకరి సమాచారం మరొకరికి అందించాలన్నది ఆ ఘటన సారాంశం.

అమెరికాలో పరిశోధకులు మిరపఘాటుతో తయారైన పిచికారీ డబ్బాను నడుముకు కట్టుకుని తిరుగుతారు. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన 83 ఘటనలను పరిశీలించగా, గోధుమరంగు ఎలుగులపై దీనిని వాడిన సందర్భాల్లో 92 శాతం ఫలించినట్టు తేలింది. మన అడవుల్లో మాత్రం గుంపుగా నడవడం, మాటల సవ్వడి, చేతికర్ర.. ఇవే నేటికీ ప్రధాన రక్షణలు.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ప్రకారం ఎలుగుబంటి మొదటి షెడ్యూలులోని జంతువు. దానిని వేటాడటం తీవ్ర నేరం. అభయారణ్యంలో శాస్త్రీయ పరిశోధన, వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీయడం వంటి పనులకు 28వ సెక్షన్ కింద ముందుగా అనుమతి పొందాలి. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో జంతువును గాయపరిచినా, చంపినా నేరం కాదని 11వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ సమయంలో సదరు వ్యక్తి ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. అంటే అనుమతి లేకుండా అభయారణ్యంలోకి చొరబడినవారికి చట్టం అండ కూడా ఉండదు. కళాశాలలు అనుమతి పత్రాన్ని లాంఛనంగా భావించరాదనడానికి ఇదొక్కటి చాలు.

బయలుదేరే ముందు

• బృందంలోని వారి పేర్లు, వెళ్లే మార్గం, తిరిగివచ్చే వేళ అటవీ రేంజ్ కార్యాలయంలో, కళాశాలలో రాసి ఉంచాలి. లోతట్టు అడవిలో సెల్‌ఫోన్ సంకేతాలు అందకపోవచ్చు.

• స్థానిక మార్గదర్శి లేకుండా అడుగు వేయరాదు. నమూనాల కోసం ఒంటరిగా బృందాన్ని విడిచి వెళ్లరాదు.

• మలుపులు, వాగులు, దట్టమైన పొదల వద్ద మాట్లాడుకుంటూ, కర్రతో నేలను తడుతూ నడవాలి. ఎలుగుకు మన రాక ముందే తెలియాలి. పాటల పరికరాలు చెవులకు తగిలించుకోరాదు.

• ఇప్పపూలు రాలే వేసవి ఆరంభంలో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి వెళ్లరాదు. తాజాగా తవ్విన పుట్టలు, తేనెపట్టులు, పండ్లు రాలిన చోట్ల ఆగరాదు.

ఎదురైతే..

ఎలుగు దూరంలో ఉండి గమనించకపోతే వచ్చిన దారినే నెమ్మదిగా మరలాలి. గమనించినట్లయితే పరుగెత్తరాదు. మనిషి కంటే అది వేగంగా పరుగెత్తగలదు. చెట్టెక్కడమూ ఉపాయం కాదు. తేనె కోసం చెట్లెక్కడం దానికి అలవాటే. బృందమంతా ఒకచోట చేరి, దానివైపే చూస్తూ మెల్లగా వెనుకడుగు వేయాలి. తల్లికీ పిల్లలకూ మధ్యలోకి వెళ్లరాదు. రాళ్లు రువ్వరాదు. ఫొటో కోసం దగ్గరకు వెళ్లడం ఆత్మహత్యా సదృశం.

మీదకు దూకి దాడి చేస్తే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లను మెడ వెనుక పెనవేసి, ముఖాన్ని నేలకు ఆనించాలి. వీపున సంచి ఉంటే తీయరాదు, అదే కవచం. ముఖం, కళ్లు, మెడ కాపాడుకోవడమే ముఖ్యం. బెదురు తీరాక ఎలుగు సాధారణంగా విడిచి వెళుతుంది. అది పూర్తిగా కనుమరుగయ్యే వరకు కదలరాదు.

గాయపడితే..

రక్తస్రావాన్ని శుభ్రమైన వస్త్రంతో అదిమి ఆపాలి. చిన్న గాయాలను సబ్బు, ధారాళమైన నీటితో 15 నిమిషాలు కడగాలి. గాయం చిన్నదే అని ఉపేక్షించరాదు. వన్యమృగాల కాటుకు రేబిస్ నివారణ టీకా, వైద్యుల సూచన మేరకు ఇమ్యునోగ్లోబ్యులిన్, ధనుర్వాతం సూది తప్పనిసరి. పసరు వైద్యంతో కాలయాపన చేయకుండా 108 వాహనం అందే చోటికి క్షతగాత్రుడిని చేర్చాలి. ఆ చోటు ఎక్కడో, అక్కడికి ఎంతసేపు పడుతుందో అడవిలో అడుగుపెట్టకముందే బృంద నాయకుడికి తెలిసి ఉండాలి.

ఉయ్యూరు నుంచి గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా నల్లమల చేరడానికి ఒక పూట ప్రయాణం చాలు. ఆ ప్రయాణానికి ముందు తరగతి గదిలో ఒక గంట ఈ విషయాలకు కేటాయిస్తే విద్యార్థులు క్షేమంగా తిరిగివస్తారు. అడవిలో ఎలుగూ క్షేమంగా ఉంటుంది.