క్లారా చేతి కొలత

మొన్న ఆదివారం కుక్కరు మూతకి పెట్టే రబ్బరు గాస్కెట్ కనపడలేదు. వంటింట్లో డబ్బాల వెనకా, గిన్నెల అడుగునా అంతటా వెతికాను. చివరికి వరండాలోకి వెళ్తే సంగతి తెలిసింది. మా వారు తమ పాత స్కూటరు ముందు బాసింపట్టు వేసుక్కూచుని ఉన్నారు. డిక్కీలోకి వాన నీళ్ళు పోకుండా నా గాస్కెట్ ముక్క చక్కగా అంచుకి అమరి ఉంది.

“బజార్లో కొనాలంటే బోలెడు ఖర్చు. ఇది ఊరికే వచ్చింది” అన్నారు సంతోషంగా.

ఊరికే ఎలా వచ్చిందండీ? నా కుక్కర్లోంచి వచ్చింది! ఆ పూటకి గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. వారుస్తూ ఉంటే నాకు క్లారా గుర్తొచ్చింది.

క్లారా అంటే మా చుట్టం కాదు లెండి. హెన్రీ ఫోర్డ్ భార్య. ఫోర్డ్ అనగానే మనకి పెద్ద ఫాక్టరీ, బారులు తీరిన కార్లూ కళ్ళముందు కనిపిస్తాయి. కానీ ఆయన మొదటి కారు ఏ ఫాక్టరీలోనూ పుట్టలేదు. అద్దె ఇంటి వెనక బొగ్గులూ కట్టెలూ దాచుకునే కొట్టంలో, నెల జీతంలో మిగిలిన డబ్బుతో, ఇనప తుక్కుతో పుట్టింది. దాని పురుడు మాత్రం అంతకుముందే వంటింట్లో మొదలైంది.

క్లారా బ్రయంట్‌కీ హెన్రీకీ 1888 ఏప్రిల్లో పెళ్ళయింది. ఇద్దరూ అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు పల్లెటూరి పిల్లలే. డియర్‌బోర్న్ దగ్గర ముచ్చటగా సొంతిల్లు కట్టుకున్నారు. ఇక కాపురం కుదురుకుంది అనుకునే వేళకి, 1891లో, ఆయన పట్నం పోదాం అన్నాడు. ఆయన బుర్రలో ఒక ఇంజను తిరుగుతోంది. ఓ రోజు పియానో పాటల కాగితం వెనక దాని బొమ్మ గీసి ఆవిడకి చూపించాడని చెప్తారు. అది తయారు చెయ్యాలంటే కరెంటు గురించి తెలియాలి. అందుకని డెట్రాయిట్‌లో ఎడిసన్ కరెంటు కంపెనీలో నెలకి 45 డాలర్ల ఉద్యోగానికి కుదిరాడు. ఆవిడ సొంతిల్లు వదిలి, మూట కట్టుకుని, వెంట నడిచింది.

1893 నవంబరు 6న కొడుకు ఎడ్సెల్ పుట్టాడు. డిసెంబరులో బాగ్లీ అవెన్యూలో 58వ నంబరు ఇంట్లోకి మారారు. ఆ నెల 24, క్రిస్మస్ ముందు రాత్రి. మర్నాటి పండగ వంటకి క్లారా సన్నాహాలు చేసుకుంటోంది. బిడ్డకి ఇంకా ఏడు వారాలే. మన లెక్కలో ఆవిడ పచ్చి బాలింత! సరిగ్గా అప్పుడే ఆయనగారు ఒక చెక్క పలక మీద బిగించిన చిన్న ఇంజనుని పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

అదేమంత ఇంజను అనుకుంటున్నారు? అంగుళం గ్యాసు గొట్టం ముక్కని లోపల నునుపు చేసి సిలిండర్ చేశాడు. ఒక పాత లేతు మిషను చక్రం దాని ఫ్లైవీల్ అయింది. అన్నీ ఇలా ఏరుకొచ్చిన సామాన్లే. ఆ పలకని సింకుకి బిగించాడు. పైన వెలిగే కరెంటు దీపం నుంచి తీగ లాగి, నిప్పురవ్వకి ఏర్పాటు చేశాడు. అంతా అయింది గాని ఒకటి తక్కువైంది. ఇంజనుకి పెట్రోలు అందించే సాధనం లేదు. ఆ పని క్లారాకి అప్పగించాడు.

పెట్రోలు ఒక్కసారిగా పోస్తే ఇంజను మునిగిపోతుంది, తక్కువైతే ఆరిపోతుంది. చుక్క తర్వాత చుక్క, గాలితో కలిసేలా, సరిగ్గా కావలసినంతే పడాలి. పాత కార్లలో ఈ పనిచేసే భాగాన్ని కార్బురేటర్ అంటారు. ఆ రాత్రి అది లేదు గనక ఆవిడ చెయ్యే కార్బురేటర్ అయింది. ఆయన చక్రం తిప్పాడు. ఇంజను దగ్గింది, తుమ్మింది, మంటలు కక్కింది, సింకు గడగడలాడింది. మొత్తానికి నడిచింది! పక్క గదిలో పసివాడు నిద్రపోతూనే ఉన్నాడట.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ చుక్కల సంగతే. పాకంలో నెయ్యి ఎంత పడాలో, పిండిలో నీళ్ళు ఎక్కడ ఆపాలో మన చేతికి తెలుసు. ఏ కొలత గ్లాసూ చెప్పదు. క్లారా ఇంజనీరింగు చదవలేదు, నిజమే. కానీ ఆ చేతికి కొలత ఉంది, వణకని ధైర్యం ఉంది. మంటలు కక్కే యంత్రం ముందు పెట్రోలు పట్టుకుని నిలబడ్డం మాటలా మరి!

అక్కణ్ణుంచి కారు దాకా రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది. పగలు ఉద్యోగం, రాత్రుళ్ళు కొట్టంలో పని. పక్క వాటా పెద్దాయన కూడా తన సగం కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. ఈసారి రెండు సిలిండర్లు. ఒక ఆవిరి యంత్రానికి ఉన్న పొగగొట్టాన్ని కోసి వాటిని చేసుకున్నాడు. చక్రాలు 28 అంగుళాల సైకిలు చక్రాలు. ఇంజను నుంచి తోలు బెల్టు, అక్కణ్ణుంచి చక్రాలకి సైకిలుకున్నట్టే గొలుసు. స్టీరింగు బదులు పడవ చుక్కానిలాంటి పిడి. హారను బదులు వీధి తలుపుకి పెట్టుకునే గంట! రెండు వేగాలున్నాయి, గంటకి పదిమైళ్ళు, ఇరవై మైళ్ళు. వెనక్కి నడిచే ఏర్పాటే లేదు. మొత్తం బరువు 500 పౌన్లు, అంటే సుమారు 227 కిలోలు.

ఈ తుక్కు సామాన్లకీ డబ్బు కావాలిగా? క్లారా పైసా పైసా పద్దు రాసుకునే మనిషి. బ్యాంకులో ఉన్నది కరిగిపోతూంటే మళ్ళీ అది నిండే రోజు చూస్తానా అని దిగులుపడిందంటారు. కానీ ఆపమనలేదు. హెన్రీ ఆవిడకి పెట్టుకున్న ముద్దుపేరు ‘బిలీవర్’. నమ్మిన మనిషి అని!

1896 జూన్ 4, ఇంకా తెల్లవారలేదు. వాన పడుతోంది. బండి తయారైంది. బయటికి తోద్దామంటే అప్పుడు తెలిసింది, కొట్టం తలుపు కన్నా బండి వెడల్పని! చూశారా, బీరువా కొనేముందు మనం గుమ్మం కొలుచుకుంటాం. లోకాన్ని కార్లతో నింపబోయే మనిషి తలుపు కొలుచుకోలేదు. గొడ్డలి పట్టుకుని ఇటికల గోడ పగలగొట్టాడు. స్నేహితుడు జిమ్ బిషప్ సైకిలు మీద ముందు వెళ్ళి దారి చూస్తూంటే, వెనక ఫోర్డ్ తన బండి నడిపాడు. దారిలో ఒక చిన్న స్ప్రింగు మొరాయించి బండి ఆగిందట. బాగుచేసుకుని ఇల్లు చేరాడు. వానలో గొడుగు వేసుకుని సాగనంపింది క్లారాయే.

అద్దె వసూలుకొచ్చిన ఇంటాయన ముందు మండిపడి, బండిని చూశాక మెత్తబడి, గోడ అలాగే ఉంచి పెద్ద తలుపు పెట్టుకోమన్నాడని చెప్తారు. మన ఇంటివాళ్ళు మేకు కొట్టినా ఊరుకోరు!

ఇంటి వస్తువులు బండి భాగాలవడం క్లారాతోనే మొదలవలేదు. అంతకు అయిదేళ్ళ ముందు, 1888 ఆగస్టులో, జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఆయన చేసిన మోటారు బండి తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం కట్టింది. పుట్టింటికి! దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత వాటికి తోలు కొట్టించింది. కట్నం డబ్బు పెళ్ళికి ముందే ఆయన వ్యాపారంలోకి పోయింది. ఇక మిగిలినవి పిన్నూ, పట్టీ. అవీ ఇచ్చింది.

ఈ కథలు విని ప్రతి ఇల్లాలూ బ్యాంకు పుస్తకం భర్త చేతిలో పెట్టెయ్యాలని నా ఉద్దేశం కాదండోయ్. ఫోర్డ్ గెలిచాడు గనక క్లారా నమ్మకం మనకి ముచ్చటగా ఉంది. అతనికీ ముందు దెబ్బలే తగిలాయి. 1899లో ఉద్యోగం మానేసి చేరిన మొదటి కంపెనీ రెండేళ్ళు తిరక్కుండానే మూతపడింది. ఇవాళ మనకి తెలిసిన ఫోర్డ్ కంపెనీ 1903లో గాని రాలేదు. ఇలాగే కొట్టాల్లో కూచుని, ఇంట్లో డబ్బు కరగదీసి, ఏ బండీ కదలని మగవాళ్ళు ఎందరున్నారో! వాళ్ళ భార్యలు కూడా చుక్కచుక్కగా పోసే ఉంటారు. వాళ్ళ కథ ఎవరూ రాయలేదు.

ఆ మొదటి బండిని ఫోర్డ్ 200 డాలర్లకి అమ్మి, ఆ డబ్బు రెండో బండికి వాడుకున్నాడు. తర్వాత దాన్ని మళ్ళీ కొని తెచ్చుకున్నాడు. ఇప్పుడది డియర్‌బోర్న్ మ్యూజియంలో ఉంది. సింకు మీద తిరిగిన ఇంజనూ అక్కడే ఉంది. గొట్టం ఉంది, చక్రం ఉంది. ఆ రాత్రి అన్నిటికన్నా బాగా పనిచేసిన భాగం మాత్రం అక్కడ లేదు. అది క్లారా చెయ్యి. కోటీశ్వరురాలయ్యాక కూడా ఆ చేత్తోనే భర్త మేజోళ్ళకి చిరుగులు కుట్టేదట.

గంజి వార్చడం అయ్యేసరికి వరండాలోంచి పిలుపు వచ్చింది. “ఏమోయ్, కాస్త వచ్చి ఈ టార్చిలైటు పట్టుకో.”

వెళ్ళానా అంటారా? వెళ్ళాను. కానీ ముందు పద్దు పుస్తకం తీసి రాశాను, ‘స్కూటరు ఖాతా: కుక్కరు గాస్కెట్, ఒకటి’.