దాద్ మహల్ నుంచి అసర్ మహల్ దాకా

“దాదూ లేదు, ఫిర్యాదూ లేదు” అని మన వూళ్ళల్లో మతభేదం లేకుండా అందరూ అంటూంటారు. ఫిర్యాదంటే అందరికీ తెలుసు. దాద్ అంటే పారశీకంలో న్యాయం. ఆ పేరుతో ఏకంగా ఒక మహలే కట్టించాడు బీజాపూరు సుల్తాను మొహమ్మద్ ఆదిల్‌షా. మన ఆదవాని, కర్నూలు ఆనాడు బీజాపూరు ఏలుబడిలోవే గనుక యిది మనకు పరాయి చరిత్ర కాదు.

దాద్ మహల్ 1646 ప్రాంతంలో కట్టినది. లోపలికోటకు తూర్పున, అగడ్త అవతల వుంటుంది. కోటలోనుంచి నేరుగా రావడానికి ఆ రోజుల్లో వంతెన వుండేది. బీజాపూరంటే రాతి కమానులు, గుంబజులు గుర్తుకొస్తాయి గదా, యిక్కడ మాత్రం ముందు భాగానికి కమానులు లేవు. నాలుగు పెద్ద టేకు స్తంభాలు పైకప్పును మోస్తున్నాయి. తూర్పువైపు గోడే లేదు, పూర్తిగా తెరిచి వుంటుంది. న్యాయం చెప్పేవాడు చెప్పించుకునేవాడికి కనబడాలని అలా కట్టారని మాకు తోస్తుంది. ఎదురుగా నలుచదరపు కోనేరు. దానికి బేగం తలాబు నుంచి భూమిలో వేసిన గొట్టాల ద్వారా నీరు వచ్చేది.

కొన్నాళ్ళకే దీని పని మారింది. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి గడ్డపు వెంట్రుకలని భక్తితో కాపాడుకుంటూ వచ్చిన పవిత్ర అవశేషాలు అంతకు ముందు కోటలోపల వుండేవి. ఆ భవనం కాలిపోతే వాటిని యిక్కడికి తెచ్చారంటారు. అప్పటినుంచి దాద్ మహల్ కాస్తా అసర్ మహల్ అయింది. పై అంతస్తు గదుల్లో పూలు, చెట్లు, మనుషుల బొమ్మలతో బంగారు పూత చిత్రాలు వుండేవి. వాటిని ఔరంగజేబు చెరిపించాడంటారు. 1686లో ఆయన బీజాపూరు జయించిన మాట నిజమే. కానీ దక్కనులో గోడమీద గీటు కనబడితే చాలు, ఆయన ఖాతాలో వ్రాసేయడం మనవాళ్ళకూ అలవాటైపోయింది!

లోపలికోటలో వున్న అదాలత్ మహల్ కథ వేరు. 1885లో ఆంగ్లేయులు జిల్లా కేంద్రాన్ని కలాద్గి నుంచి బీజాపూరుకు మార్చారు. దొరలకు యిళ్ళు కావాలి, కచేరీలు కావాలి. వూరినిండా ఖాళీ మహళ్ళు వున్నాయి. కొత్తవి కట్టడమెందుకు? అదాలత్ మహల్‌ను మార్చి కలెక్టరుగారి నివాసం చేశారు. చీనీ మహల్‌లో కచేరీలు పెట్టారు. ఒక మసీదునైతే ఏకంగా డాక్ బంగళా చేసేశారు. దాన్ని ఖాళీ చేయించింది మళ్ళీ ఒక ఆంగ్లేయుడే, వైస్రాయి కర్జన్. ఒక ప్రసంగంలో ఆయనే యీ సంగతి చెప్పాడు. ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది కూడా ఆయన హయాములోనే, 1904లో.

మనుషులు కాపురమున్న యింటికి ఎప్పటికప్పుడు మరమ్మతులు జరుగుతాయి, దీపం వెలుగుతుంది. అది మేలే. అయితే కాపురానికి గదులు కావాలి, తలుపులు కావాలి, మరుగు కావాలి. న్యాయసభకు కావలసిందేమో బహిరంగం! అందుకే ఒకదానికోసం కట్టినది రెండోదానికి వాడినప్పుడు గోడలు మిగిలినా పాత రూపు మిగలదు. అసర్ మహల్‌కు ఆ బాధ తప్పింది. అవశేషాలకు పైన ఒక గది చాలు. కింద నాటి సభాస్థలం అలాగే వుండిపోయింది. రాజ్యాలు మారినా, జియారత్‌కు వచ్చేవాళ్ళున్నారు గనుక ఆ యింటిని ఎవరూ పాడుపెట్టలేదు.

పోయినవి పుస్తకాలు. ఆదిల్‌షాహీల గ్రంథాలయంలో మిగిలినవి యిక్కడే వుండేవి, ఎక్కువగా అరబ్బీ వ్రాతప్రతులు. 1848లో సతారా రాజ్యంతోపాటు బీజాపూరు కంపెనీవారి చేతికి వచ్చింది. అయిదేళ్ళు తిరగకుండానే, 1853లో, 400కు పైగా ప్రతులను లండన్‌కు పంపించారు. అసర్ మహల్ తివాచీలు చూడాలంటే గోల్ గుంబజ్ ముందున్న మ్యూజియానికి వెళితే సరిపోతుంది. పుస్తకాలు చూడాలంటే మాత్రం ఓడో విమానమో ఎక్కవలసిందే.