కనుమదారిలో మరగిన నీరు

రాజపాళయమునుండి సేత్తూరు మీదుగా తెన్‌కాశికిని, అచ్చటినుండి సెంగోట దాటి ఆర్యంగావు కనుమలోనికిని సాగిపోవు మార్గమున, మొదట తెరపిలేని యెండలోను, పిమ్మట మలుపుల యెత్తులలోను, పూర్వకాలపు మోటారు యంత్రము తన లోపలి వేడిని వెలికి పంపలేక తల్లడిల్లుట సహజము. ఆ వేడిని గాలి కప్పగించు రేడియేటరునకు ఘనమైన చరిత్ర గలదు.

1900 సంవత్సరాంతమున, కార్ల వర్తకుడు ఎమిల్ ఎలినెక్ కోరికపై డైమ్లరు కర్మాగారమున సిద్ధమైన 35 అశ్వశక్తుల మెర్సిడెసు కొరకు, అచ్చటి యంత్రశిల్పి విల్‌హెల్మ్ మాయ్‌బాఖ్ 6 మిల్లీమీటర్ల చదరపు రంధ్రము గల 8,070 గొట్టములను పేర్చి, వాని లోపల గాలియు, వాని సందులలో నీరును ప్రవహించునట్లు తేనెపట్టు వంటి రేడియేటరును కల్పించెను. అంతకుముందు 18 లీటర్లు పట్టిన చోట 9 లీటర్ల నీరే చాలినది. స్పోర్ట్సు కారు అను జాతికి ఆ బండియే మూలపురుషుడని నా తలంపు.

అయినను ఐరోపా చలికి కొలిచి చేసిన సాధనము మన వేసవికి చాలదు. యంత్రమునుండి వచ్చు నీరు 95 డిగ్రీలు, ఆంగ్లదేశపు గాలి 15 డిగ్రీలు అయినచో అంతరము 80. మన గాలి 40 డిగ్రీలయినపుడు అది 55. వేడి తొలగుట ఈ అంతరమును బట్టియే గనుక, అదే రేడియేటరు ఇచ్చట తన శక్తిలో దాదాపు మూడవ వంతు కోల్పోవుచున్నది. కొండ యెక్కునపుడు యంత్రశ్రమ పెరిగి, వేగముతోపాటు ఎదురుగాలియు తగ్గును. 1948లో వెలసిన జాగ్వారు ఎక్స్‌కే 120 వంటి సుందరమైన బండికి, 3.4 లీటర్ల యంత్రమును ఇరుకైన ముఖద్వారమును గలదానికి, ఇది ఎంతటి పరీక్షయో ఊహింపవచ్చును.

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారిలో, ఇట్టి చిక్కులను తీర్చుటకు యంత్రమును విప్పి, తెలిసికొని, తిరిగి కూర్చు సాహసమునకు కోయంబత్తూరు పెట్టినది పేరు. 1893లో కలంగల్ గ్రామమున జన్మించిన జి.డి. నాయుడు 1920లో పొళ్ళాచి, పళనుల నడుమ ఒక్క బస్సుతో ఆరంభించి యు.ఎం.ఎస్. సంస్థను పెంపొందించెను. పాతకార్లకు నెలవైన జీడీ ప్రదర్శనశాల 2015లో అచ్చట తెరువబడినది. లక్ష్మీమిల్సు కుటుంబమున పుట్టి, 1995లో విమానప్రమాదమున అకాలమరణము పొందిన కరివర్ధన్, మారుతి 800 యంత్రముతో పందెపు కార్లను ఆ యూరనే నిర్మించి యువకుల కందుబాటులోనికి తెచ్చెను.

ఇక రేడియేటరు పునర్నిర్మాణము. పాత రేడియేటరు యొక్క మీది తొట్టియు క్రింది తొట్టియు ఇత్తడివి. టంకము కరగించినచో విడివడును. చిల్లులుపడిన నడిమి భాగమును తీసివైచి, అదే కొలతలో రాగిరేకులు దట్టముగా గల క్రొత్తదానిని అమర్చి, ఒక గొట్టపువరుసను హెచ్చింపవచ్చును. వరుసలను మితిమీరి పెంచుట వ్యర్థము. వెనుకటి వరుసలకు చేరునప్పటికి గాలి వేడెక్కియే యుండును. అల్యూమినియము తేలిక, దాని గొట్టములు వెడల్పు. కావున పందెమునకు అది యోగ్యము. పూర్వరూపముతో నిలుపదలచిన బండికి మాత్రము, అల్యూమినియముకంటె ఒకటిన్నర రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయునదియు, ఏ యూరి పనివాడైనను టంకముతో బాగుచేయగలదియు నగు రాగినే నేను కోరుదును. రేడియేటరును ముట్టుటకు ముందే యంత్రపు నీటిదారులలోని త్రుప్పును, సున్నపుపొరను కడిగింపవలెను. అనేక పర్యాయములు దోషము అచ్చటనే యుండును. చదరపు అంగుళమునకు ఒక్కొక్క పౌను ఒత్తిడికి నీరు మరగు స్థానము ఒకటిన్నర డిగ్రీలకు పైగా హెచ్చునని ఆశపడి, ఒత్తిడికి ఉద్దేశింపని పాత తొట్టికి బిగువైన మూత పెట్టుట తగదు. తొట్టి అతుకులే ముందుగా విచ్చును.