పట్టణ దళితవాడల అభివృద్ధి: ప్రజల భాగస్వామ్యం ఎక్కడ ఆగిపోతోంది?

గుడుపల్లె గ్రామపంచాయతీ దళితవాడలో ఓటున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. కాలువ ఎక్కడ తవ్వాలో, వీధిదీపం ఎక్కడ వేయాలో అడిగే చోటు కనీసం కాగితం మీదైనా వాళ్లకు ఉంది. పొరుగునే ఉన్న కుప్పం కూడా మొన్నటిదాకా గ్రామపంచాయతీయే. చుట్టుపక్కల కొన్ని పంచాయతీలను కలిపి దాన్ని మునిసిపాలిటీ చేశారు. 2021 నవంబరులో తొలి మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. ఆ మార్పుతో అక్కడి వాడలకు గ్రామసభ పోయింది, ఉపాధి హామీ పని పోయింది. మరి వాటి స్థానంలో ఏం వచ్చింది?

చట్టంలోని ఖాళీ

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తెచ్చింది. అయితే 243-ఎస్ అధికరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లోనే అవి తప్పనిసరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆ లెక్కకు అందవు. చిన్న పట్టణాల్లోనూ కమిటీలు వేసే వీలు రాష్ట్రాలకు ఉంది, కానీ రాజ్యాంగం ఒత్తిడి లేదు. 2019 అక్టోబరు 2న వచ్చిన వార్డు సచివాలయాల్లో ఉన్నది ప్రభుత్వం నియమించిన ఉద్యోగులు. అర్జీ తీసుకునే కార్యాలయం వేరు, నిర్ణయం చేసే సభ వేరు.

మూడు అనుభవాలు

పట్టణ పేదవాడల్లో ప్రజల భాగస్వామ్యానికి మన దగ్గర చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో 1967లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీ సంఘాలు, మహిళా మండళ్లు, బాలవాడీలు దాని పునాది. తర్వాత ప్రభుత్వం పట్టాలు, బ్యాంకులు అప్పులు ఇస్తే, వేలాది కుటుంబాలు తమ ఇళ్లు తామే కట్టుకున్నాయి. చేతికి పట్టా రావడం వల్లే ఆ భాగస్వామ్యానికి బలం వచ్చిందని మేం భావిస్తున్నాం.

బ్రిటన్ సాయంతో 1988లో విశాఖపట్నంలో, 1990లో విజయవాడలో మురికివాడల అభివృద్ధి పథకాలు నడిచాయి. రోడ్లు, కాలువలు, దీపాలు వచ్చాయి. అయితే ఏ పని ముందు చేయాలన్న దశలో వాడ మాటకు దక్కిన చోటు తక్కువేనని తర్వాతి మదింపులు చెప్పాయి.

2000 ప్రాంతంలో అదే దేశం సాయంతో 'పట్టణ పేదలకు సేవలు' పథకం మొదలైంది. అందులో వాడలను తొమ్మిది గళ్ల పట్టికలో పెట్టారు. పేదరికం ఒక వైపు, వసతుల లేమి మరో వైపు. రెండూ ఎక్కువున్న వాడకే తొలి నిధులు. పలుకుబడిని బట్టి కాకుండా అవసరాన్ని బట్టి పంచే ఈ పద్ధతి మనం మళ్లీ అడగదగినది.

2007లో మెప్మా వచ్చాక స్వయం సహాయక సంఘాలు, వాడస్థాయి, పట్టణస్థాయి సమాఖ్యలు ఏర్పడ్డాయి. మహిళలు కూడారు, కానీ ఆ కూడికకు ఇరుసు పొదుపు, అప్పు. మునిసిపల్ బడ్జెట్ మీద దానికి అధికారం లేదు.

ఏది భాగస్వామ్యం?

అమెరికన్ పరిశోధకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపింది. అడుగు మెట్లలో జనాన్ని మభ్యపెట్టడం, మధ్యలో సమాచారం ఇచ్చి, సలహా అడిగి, బుజ్జగించడం, పైన అధికారం పంచుకోవడం ఉంటాయి. మన వాడల్లో శ్రమదానం, చందా, తీర్మానం మీద వేలిముద్ర భాగస్వామ్యంగా చెలామణి అవుతున్నాయి. వాడకు ఒకే కమిటీ వేస్తే పారిశుధ్య కార్మికులు, అద్దెకుండేవాళ్లు, ఒంటరి స్త్రీలు అందులో కనబడరు. ఊరంతటి కాలువ శుభ్రం చేసే మనిషికి తన ఇంటి ముందరి కాలువ గురించి మాట్లాడే చోటు ఉండదు.

మనం అడగాల్సినవి

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మునిసిపాలిటీని ఈ ప్రశ్నలు అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు.

• మా వాడ నోటిఫైడ్ మురికివాడల జాబితాలో ఉందా? లేకపోతే ఎందుకు లేదు?
• గత మూడేళ్లలో ఇక్కడ జరిగిన పనుల అంచనాలు, ఎం-బుక్ నకళ్లు ఇవ్వండి.
• 2013 ఉపప్రణాళిక చట్టం కింద ఎస్సీల పేరిట చూపిన ఖర్చు ఏ వీధిలో జరిగింది?
• వార్డు కమిటీ ఉందా? ఉంటే సభ్యులెవరు, ఎన్నిసార్లు కూర్చున్నారు?

జవాబులు వచ్చాక వాటిని వాడలో అందరి ముందు చదవాలి. కుప్పం కోల్పోయిన సభ తిరిగి మొదలయ్యేది అక్కడే. రేపు మరో పంచాయతీని పట్టణంలో కలిపేటప్పుడు పన్నులు, రోడ్ల సంగతితో పాటు 'మా సభ ఎక్కడ?' అన్న ప్రశ్న కూడా ముందే వేయాలి.