చిన్న తరగతి, చిన్న శిక్షణ: గోదావరి డెల్టాలో ఉపాధ్యాయ విద్య పాఠ్యక్రమం

ఉపాధ్యాయ శిక్షణ గురించి తెలుగులో వచ్చే రాతలు చాలావరకు డీఎస్సీ చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని పోస్టులు, ఎవరికి అర్హత, కటాఫ్ ఎంత అన్నవే అందులో ప్రశ్నలు. ఉద్యోగం వచ్చిన టీచరు అంతకుముందు శిక్షణ కళాశాలలో రెండేళ్లు ఏం చదివాడు, ఆ చదువును తయారుచేసినవారు ఏ వయసు పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నారు అని అడిగేవారు తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్నను గోదావరి డెల్టా వరకు తీసుకుని పరిశీలిస్తుంది. ఇక్కడ ప్రభుత్వం చేయి కలిపిన బడులు మొదలైన 1850ల నుంచి ఇప్పటిదాకా పిల్లల వయసు తగ్గేకొద్దీ వారికి చదువు చెప్పేవారి శిక్షణ కూడా తగ్గుతూ వచ్చిందన్నది ఇందులోని వాదన. ఇది నిధుల కొరత వల్ల వచ్చిన లోటు మాత్రమే కాదు. శిక్షణను మెట్లు మెట్లుగా కట్టిన తీరులోనే ఈ లోటు ఉంది.

పన్ను కట్టి పెట్టుకున్న బడులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ రోజుల్లోనే నరసాపురం ప్రాంతానికి సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ రైతుల చేత బడులు పెట్టించే ప్రయత్నం మొదలుపెట్టాడు. నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ వంటి ఊళ్లలో రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత సొమ్ము చెల్లించడానికి ఒప్పుకున్నారు. మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో వీటిని రేటు బడులు అన్నారు. ఇంగ్లండు నుంచి 1854లో వచ్చిన ఉడ్ తాఖీదు గ్రామ విద్యకు ప్రభుత్వం సాయం చేయాలని చెప్పింది. ఈలోగా డెల్టా రైతులు తమ చేతి సొమ్ముతో ఆ పని మొదలుపెట్టేశారు. అయితే ఇష్టపడి ఇచ్చే సొమ్మును శిస్తుతో కలిపి వసూలు చేయడం చట్టబద్ధమేనా అన్న సందేహం తలెత్తింది. దాన్ని తీర్చడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. గోదావరి జిల్లా రైతుల ఒప్పందానికి చట్టరూపం ఇవ్వడానికి పుట్టిన ఆ చట్టానికి మన విద్యాచరిత్ర గ్రంథాల్లో దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

సొమ్ము పోగైంది, పాకలు వేశారు. మరి పంతులు ఎవరు? వీధిబడి పంతులే. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, గుణింతాలు, ఎక్కాలు, శతక పద్యాలు వల్లె వేయించడం ఆయనకు తెలిసిన బోధన. ఆ బోధనలోని ఒక అంశం మన వాదనకు కీలకం. వీధిబడిలో పంతులు పెద్ద పిల్లలకు చెబుతాడు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు దిద్దిస్తారు. పద్దెనిమిదో శతాబ్ది చివర మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని చూసి ముచ్చటపడి ఇంగ్లండు తీసుకెళ్లాడు. అక్కడ అది మద్రాసు పద్ధతిగా పేరుపొందింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి అక్షరాలు వచ్చే మార్గమని ప్రపంచమంతా మెచ్చుకుంది. అందరికన్నా చిన్నవాడికి దిద్దించడానికి శిక్షణ లేని పదేళ్ల కుర్రాడు సరిపోతాడన్న నమ్మకం కూడా దానితోపాటే పాతుకుపోయింది.

మెట్ల కింది మెట్టు

మద్రాసులో 1856లో మొదలైన ప్రభుత్వ నార్మల్ స్కూలే తరువాత సైదాపేట ఉపాధ్యాయ కళాశాల అయింది. తెలుగు జిల్లాల పట్టభద్రులకు తరవాతి కాలంలో రాజమండ్రి శిక్షణ కళాశాల దగ్గరి దారి అయింది. ఆ కాలపు శిక్షణ అర్హతలు వరుసగా పెట్టి చూస్తే వ్యవస్థ మనసు తెలుస్తుంది. ఎలిమెంటరీ గ్రేడ్, హయ్యర్ ఎలిమెంటరీ గ్రేడ్, సెకండరీ గ్రేడ్, ఆ పైన పట్టభద్రుల ఎల్.టి. అభ్యర్థి ఎంతవరకు చదివితే అంత మెట్టు, ఆ మెట్టును బట్టి జీతం. తక్కువ చదివినవాడు చిన్న తరగతికి, ఎక్కువ చదివినవాడు పెద్ద తరగతికి. పిల్లల్ని అర్థం చేసుకోవడం వేరే విద్య అన్న ఆలోచనకు ఈ అమరికలో చోటు లేదు. నేటి సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టు పేరులో ఆ పాత మెట్టు ఇంకా మిగిలే ఉంది. ఆ పోస్టులో చేరినవారు చెప్పేది మాత్రం ఒకటి నుంచి ఐదో తరగతి వరకే.

ఆడపిల్లల చదువు ఈ మెట్లను కొంత కదిపింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు ఎదురైన చిక్కు ఆ తరం సంస్కర్తలందరిదీ: బడి పెట్టవచ్చు, చెప్పడానికి చదువుకున్న స్త్రీలు ఎక్కడ? ఆయనే స్వయంగా కోరంగి, ధవళేశ్వరం, రాజమండ్రి బడుల్లో పనిచేసిన పంతులు, పాఠ్యపుస్తకాలు రాసినవాడు. అందుకే ఈ లోటు ఆయనకు బాగా తెలుసు. దీనికి దీటైన జవాబు చాలా ఆలస్యంగా, రాజమండ్రిలోనే 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ నుంచి వచ్చింది. టీనేజీలోనే కాకినాడలో స్త్రీలకు హిందీ పాఠశాల నడిపిన ఆమె, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా 1958లో సంక్షిప్త కోర్సుల పథకం తెచ్చారు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో మెట్రిక్ గట్టెక్కి, ఉపాధ్యాయినులుగా, బాలసేవికలుగా, నర్సులుగా నిలదొక్కుకోవడం దాని లక్ష్యం. చంటిపిల్ల తల్లికి కూడా కోర్సు అందాలంటే కోర్సే ఆమె దగ్గరకు నడిచి రావాలన్న దృష్టి అందులో ఉంది. ఆ దృష్టిని మన శిక్షణ కళాశాలలు తరువాత అందిపుచ్చుకోలేదు.

పీరియడ్ ప్లానులో పట్టని జవాబు

జాతీయ విద్యావిధానం 1986 తరువాత జిల్లాకొక డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వచ్చింది. తూర్పు గోదావరికి బొమ్మూరు, పశ్చిమ గోదావరికి దూబచర్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఈ రెండూ నేటి తూర్పు గోదావరి జిల్లాలోకే వచ్చాయి. పన్ను కట్టి బడులు పెట్టుకున్న నరసాపురం, ఆచంట ఊళ్లు వేరే జిల్లాలో ఉన్నాయి. కోనసీమ మరో జిల్లా. అంటే అసలు డెల్టా పల్లెలకు డైట్లు దూరమయ్యాయి. ఆ దూరాన్ని పూడ్చేవి ప్రైవేటు కళాశాలలే. వాటి సంగతి 2012లో ఉపాధ్యాయ విద్యపై వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ నిష్ఠూరంగా చెప్పింది. దేశంలో శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం చదువు చెప్పకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయన్న ఆ మాటను 2020 జాతీయ విద్యావిధానం కూడా ఎత్తిచూపింది.

ఇంటర్ తరువాత రెండేళ్ల డీఎల్‌ఎడ్ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), డిగ్రీ తరువాత బీఈడీ ఇప్పటి రెండు ప్రధాన దారులు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో 2015 నుంచి బీఈడీ కూడా రెండేళ్లయింది. రెంటిలోనూ కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కాగితం మీద ఇది మంచి మార్పే. కానీ ఇంటర్న్‌షిప్ మోసే అసలు బరువు రికార్డులది. పాఠ్య పథకాలు, పీరియడ్ ప్లాన్లు, పరిశీలన రికార్డు, బోధనోపకరణాల రికార్డు. డబ్బు తీసుకుని రికార్డులు రాసిపెట్టేవాళ్లు ఉన్నారని విద్యార్థులందరికీ తెలుసు. ఇన్‌స్పెక్షన్ నాడు ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఒక తెలుగు పీరియడ్ ప్లాన్ తెరిచి చూద్దాం. ఉన్ముఖీకరణ, శీర్షిక ప్రకటన, ఆదర్శ పఠనం, అవగాహన ప్రశ్నలు, మూల్యాంకనం, ఇంటిపని. పేర్లు మారినా ఎముకల గూడు పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ అనుయాయులు కట్టిన ఐదు సోపానాలదే. ఎనిమిదో తరగతికి ఇది కొంత నడుస్తుంది. సఖినేటిపల్లి దగ్గర ఐదేళ్ల పిల్లకు పడవ బొమ్మ చూపించి "ఇదేమిటమ్మా?" అని ఛాత్రోపాధ్యాయిని అడిగిందనుకోండి. ప్లానులో ఆశించిన జవాబు "పడవ". పిల్ల చెప్పేది: "మా తాతది ములిగిపోయిందండి. మళ్లీ తారు పూసేరు." ఆ నిమిషాన పాఠానికి కావలసినదంతా ఆ పిల్లే తెచ్చింది: కథ, మాటల వరస, ఎప్పుడు ఏం జరిగిందన్న క్రమం, ఒక పని ఎలా చేస్తారన్న జ్ఞానం. ప్లానులో మాత్రం దానికి గడి లేదు. ఛాత్రోపాధ్యాయిని "ములిగిపోయింది కాదు, మునిగిపోయింది" అని దిద్ది, తరువాతి సోపానానికి వెళ్తుంది. పరిశీలకుడి పత్రంలో ఆమెకు మార్కులు పడతాయి.

గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది జనం నోటిలోని భాషకు బడిలో గౌరవం దక్కాలనే. ఆయన సవర పిల్లల కోసం వారి భాష నేర్చుకుని వాచకాలు తయారుచేశారు. పర్లాకిమిడి 1936లో ఒడిశాకు పోయాక వచ్చి స్థిరపడింది రాజమండ్రిలోనే. ఆయన పేరు తెలుగు బోధన పద్ధతుల పేపర్లో రెండు మార్కుల ప్రశ్న. ఆయన దారి మాత్రం పీరియడ్ ప్లానులోకి రాలేదు. రంపచోడవరం, చింతూరు వైపు కోయ పిల్లల దగ్గరకు వెళ్లే టీచర్ల విషయంలో ఈ లోటు రెట్టింపవుతుంది.

ఉపకరణాల మాటా అంతే. పరీక్షకు ముందు పట్టణంలో ఫ్యాన్సీ షాపులు చార్టులు, థర్మోకోల్ షీట్లు, రంగు కాగితాలతో నిండుతాయి. కొబ్బరాకుతో బూర, గడియారం చేసే పిల్లలున్న కోనసీమలో, తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి నడిపే పిల్లలున్న పల్లెల్లో, చింతపిక్కలూ గవ్వలూ ప్రతి గడపలో దొరికే చోట, ఉపకరణం కొనుక్కురావలసిన వస్తువైంది. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్ బాలమందిరంలో, 1939లో అడయారు వచ్చిన మరియా మాంటిస్సోరి తన శిక్షణ తరగతుల్లో చూపించింది వేరు. పసిపిల్ల చేతికి దొరికే వస్తువే మొదటి పుస్తకమని వారిద్దరూ వేర్వేరు దారుల్లో చెప్పారు. మనకు దగ్గరలో వేగె కోటేశ్వరమ్మ 1955లో విజయవాడలో మాంటిస్సోరి పాఠశాల పెట్టారు. ఆ పేరు తరువాత ఊరూరా బోర్డుల మీదికెక్కింది. పద్ధతి అంతగా ఎక్కలేదు.

ఆరేళ్ల లోపు

సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న ఒక తీర్పు ఇచ్చింది. బీఈడీ అభ్యర్థులను ప్రాథమిక తరగతులకు అర్హులుగా చేసిన 2018 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ చెల్లదని, చిన్న పిల్లలకు చెప్పడానికి దానికే తయారైన శిక్షణ కావాలని తేల్చింది. మన రాష్ట్రంలో ఈ తీర్పును ఉద్యోగాల తగాదాగానే చూశాం. బీఈడీవాళ్లు నష్టపోయారా, డీఎల్‌ఎడ్‌వాళ్లు గెలిచారా అన్నదే చర్చ. మెట్ల పద్ధతిని న్యాయస్థానం తలకిందులు చేసిందన్న సంగతి గమనించినవారు తక్కువ. ఎక్కువ చదివినంత మాత్రాన చిన్న తరగతికి సరిపోడని ఆ తీర్పు సారాంశం.

అదే తర్కాన్ని ఇంకో అడుగు కిందికి తీసుకెళ్తే మూడు నుంచి ఆరేళ్ల పిల్లల దగ్గర ఆగిపోతాం. వారి టీచరు అంగన్‌వాడీ కార్యకర్త. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. కార్యకర్తకు ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణ కొన్ని వారాలదే. అందులోనూ పోషకాహారం, టీకాలు, రిజిస్టర్లు, గర్భిణుల నమోదు పోగా పూర్వ ప్రాథమిక విద్యకు మిగిలేది కొంచెం. ఆమె ఉదయం గుడ్లు లెక్కపెట్టడంతో, పిల్లల బరువులు తూచడంతో, ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపడంతో గడుస్తుంది. ఆటపాటలు ఆ మధ్యలో. తల్లులు మాత్రం ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు, పిల్లకు "ఏబీసీడీలు నేర్పండమ్మా" అని అడుగుతారు. కాన్వెంటుతో పోటీ ఆమె గుమ్మం దాకా వచ్చింది, శిక్షణ రాలేదు.

2020 విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశ అంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని చెప్పింది. పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. దశ ఒకటే అయినా, టీచర్లు ఇద్దరు, శాఖలు రెండు, శిక్షణలు రెండు, జీతాలు రెండు. డీఎల్‌ఎడ్ విద్యార్థి పూర్వ బాల్య విద్యను పేపరుగా చదివి పరీక్ష రాస్తాడు. ఇంటర్న్‌షిప్ మాత్రం పాఠశాలలో చేస్తాడు. పక్క వీధిలోని అంగన్‌వాడీ గడప తొక్కకుండానే డిప్లొమా పట్టుకుపోవచ్చు.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పూర్వ ప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమాకు ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లోనే ప్రమాణాలు రాసి ఉన్నాయి. బొమ్మూరు, దూబచర్ల డైట్లలో ఆ కోర్సు తెరవవచ్చు. డెల్టా మధ్యన, అమలాపురం గానీ నరసాపురం గానీ, ఒక అనుబంధ కేంద్రం ఉంటే కాలువ దాటి రాలేని కార్యకర్తలకు సంక్షిప్త కోర్సు అందుతుంది. డీఎల్‌ఎడ్ ఇంటర్న్‌షిప్‌లోని 20 వారాల్లో కనీసం నాలుగు అంగన్‌వాడీలో గడవాలి. ఆ నాలుగు వారాలకు పీరియడ్ ప్లాన్ అడగకూడదు. ఒక్క పిల్లను ఎంచుకుని, ఆమె ఏం అన్నది, దేంతో ఆడింది, దేనికి భయపడింది అని రోజూ రాసే డైరీ అడగాలి. మార్కులు దానికే వేయాలి. నాలుగేళ్ల సమీకృత బీఈడీని 2030 నాటికి కనీస అర్హత చేయాలన్నది విద్యావిధానం లక్ష్యం. దానికి పాఠ్యక్రమం రాస్తున్న విశ్వవిద్యాలయాలూ, డీఎల్‌ఎడ్‌ను సవరించే ఎస్‌సీఈఆర్‌టీ పండితులూ పునాది దశను చివరి యూనిట్‌గా కాక మొదటి సెమిస్టరుగా పెట్టాలి.